పథ్యం సరే, పస్తులెందుకు?

(గుంటూరు బ్రాడీపేటలో విశ్రాంత ఉద్యోగులు, ఇంట్లో రోగులను చూసుకునే కుటుంబసభ్యుల కోసం జరిగిన సమావేశంలో ఒక ఆసుపత్రి డైటీషియన్ చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో ఇంతమంది వచ్చారంటే, మీలో చాలామంది ఇళ్లలో ఎవరో ఒకరు మంచం మీద ఉన్నారనే అర్థం. అందుకని ఉపోద్ఘాతం పెట్టకుండా విషయంలోకి వెళ్లిపోతాను.

ముందు సెలైన్ సీసా సంగతి తేల్చేద్దాం. కొత్తపేట సందుల్లో ఏ ఆసుపత్రిలో కూర్చున్నా ఈ మాట వినపడుతుంది: "మనిషి నీరసంగా ఉన్నాడమ్మా, రెండు సెలైన్లు పెట్టించండి, బలం వస్తుంది." అరలీటరు నార్మల్ సెలైన్ సీసాలో ఉండేవి నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. అంతే. శక్తి సున్నా, మాంసకృత్తులు సున్నా. గ్లూకోజ్ సీసా అంటారు చూడండి, ఐదు శాతం డెక్స్‌ట్రోజ్, అందులో అరలీటరుకి 25 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. అది ఇచ్చే శక్తి సుమారు 85 కేలరీలు. అంటే ఒకటిన్నర ఇడ్లీ. అదీ చట్నీ లేకుండా. (నవ్వులు)

సెలైన్ అక్కర్లేదని నేను అనడం లేదు. విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినప్పుడు, బీపీ పడిపోయినప్పుడు, మందులు నరం ద్వారా ఇవ్వాల్సినప్పుడు అది ప్రాణం కాపాడుతుంది. కానీ అది తిండి కాదు. ఒక మనిషి నాలుగు రోజులు సెలైన్ మీద ఉన్నాడంటే నాలుగు రోజులు పస్తున్నాడని లెక్క. చేతికి సూది, పైన సీసా కనపడుతుంటే మనకి ఆ సంగతి తట్టదు. "ఎక్కుతూనే ఉంది కదా" అనుకుంటాం.

ఇప్పుడు ఇంట్లో జ్వరం కథకొద్దాం. జ్వరం ఒక్కో డిగ్రీ ఫారెన్‌హీట్ పెరిగే కొద్దీ ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి సుమారు 7 శాతం పెరుగుతుంది. 102 జ్వరం ఉన్న మనిషి కదలకుండా పడుకున్నా, మామూలుగా పడుకున్నప్పటి కంటే దాదాపు పావు వంతు ఎక్కువ ఖర్చవుతుంది. సరిగ్గా అప్పుడే మనం ఏం పెడతాం? పొద్దున రెండు ఇడ్లీలు, పదింటికి సగ్గుబియ్యం జావ, మధ్యాహ్నం చారన్నం నాలుగు ముద్దలు, సాయంత్రం రెండు బ్రెడ్డు ముక్కలు, రాత్రి అరగ్లాసు పాలు, మధ్యలో కొబ్బరినీళ్లు. లెక్క కట్టి చూస్తే రోజుకు 700, 800 కేలరీలు దాటవు. మాంసకృత్తులు 15 గ్రాముల దగ్గర ఆగిపోతాయి. సగ్గుబియ్యంలో పిండిపదార్థం తప్ప దాదాపు ఏమీ లేదు. గొంతు దిగడానికి మంచిదే, దాన్ని నమ్ముకుని పది రోజులు గడపడం మాత్రం కుదరదు.

ఎంత కావాలి మరి? ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కిలో బరువుకు రోజుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క. జబ్బు పడ్డవాళ్లకి, ముఖ్యంగా పెద్దవయసు వాళ్లకి, కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. అరవై కిలోల మనిషికి కనీసం 72 గ్రాములు. శక్తి కిలోకి 25 నుంచి 30 కేలరీలు, అంటే 1500 నుంచి 1800. మనం పెడుతున్నది 15 గ్రాములు, 700 కేలరీలు. ఆ మిగతాది ఎక్కడి నుంచి వస్తుందనుకుంటున్నారు? ఆ మనిషి తొడల్లోంచి, భుజాల్లోంచి, ఊపిరి తీసే కండరాల్లోంచి వస్తుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఏకాదశికి ఉపవాసం ఉన్న ఆరోగ్యవంతుడి ఒళ్లూ, న్యుమోనియాతో పడుకున్న మనిషి ఒళ్లూ ఒకే రకంగా ఆకలికి సర్దుకోవు. ఆరోగ్యవంతుడు కొన్నాళ్లు తినకపోతే ఒళ్లు మెల్లగా కొవ్వు వైపు తిరిగి, కండని పొదుపుగా వాడుకుంటుంది. జబ్బులో ఒళ్లంతా లోలోపల ఒక రకం వాపు ఉంటుంది, ఇన్‌ఫ్లమేషన్ అంటారు; ఆ రసాయనాలు ఈ పొదుపుని జరగనివ్వవు. కొవ్వు ఉన్నా సరే, కండ కరుగుతూనే ఉంటుంది. లావుగా ఉన్న మనిషి కదా, నాలుగు రోజులు తినకపోతే ఏమవుతుందిలే అనుకోవడం అందుకే తప్పు. పైకి లావుగానే కనపడతారు, లోపల కండ ఉండదు. లేచి నిలబడలేరు. గట్టిగా దగ్గలేరు. దగ్గలేకపోతే కఫం ఊపిరితిత్తుల్లోనే ఉండిపోతుంది, మళ్లీ న్యుమోనియా, మళ్లీ ఆసుపత్రి.

మంచం పట్టడం ఒక్కటే చాలు కండ తగ్గడానికి. ఏ జబ్బూ లేని పెద్దవయసు వాళ్లని పది రోజులు మంచం మీదే ఉంచి కొలిస్తే, కాళ్లలో దాదాపు కిలో కండ పోయింది. వాళ్లు తింటూ ఉన్నా సరే. ఇక ఐసీయూలో తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లకైతే మొదటి పది రోజుల్లోనే తొడ ముందుభాగం కండ ఆరో వంతుకు పైగా పోతుందని లండన్‌లో స్కానింగ్ చేసి చూశారు. డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాక "బాత్రూం దాకా కూడా నడవలేకపోతున్నాడు, మందులు పడలేదేమో" అంటారు. మందులు పడ్డాయి. తిండి పడలేదు.

"లంఖణం పరమౌషధం" అన్నారు కదమ్మా అంటారు. అన్నారు. అజీర్తి చేసినప్పుడు, వాంతులవుతున్న మొదటి పూట, జ్వరం మొదటి రోజు ఆకలే లేనప్పుడు, బలవంతాన కుక్కనక్కర్లేదు. ఆ మాటకి అంతవరకూ అర్థముంది. దాన్ని రెండు వారాల టైఫాయిడ్‌కి లాగితేనే ఇబ్బంది. పడమటి దేశాల్లోనూ ఒకప్పుడు ఇదే నమ్మకం. జ్వరం వస్తే నీళ్లు తప్ప ఏమీ పెట్టేవాళ్లు కాదు. పందొమ్మిదో శతాబ్దంలో డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ అనే డాక్టరు దాన్ని ఎదిరించి జ్వరం రోగులకి తిండి పెట్టించాడు. నేను పోయాక నా సమాధి మీద "ఇతను జ్వరాలకి అన్నం పెట్టాడు" అని రాయండి చాలు అన్నాడని చెప్తారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో న్యూయార్కులో వారెన్ కోల్‌మన్ టైఫాయిడ్ రోగులకే ఎక్కువ కేలరీల తిండి పెట్టి, వాళ్లు చిక్కిపోకుండా చూపించాడు. అప్పటికి యాంటీబయాటిక్స్ కూడా లేవు.

టైఫాయిడ్‌లో పేగు పుండు పడుతుందన్న భయం అబద్ధం కాదు. అందుకే మెత్తగా ఉండాలి, పీచు తక్కువ ఉండాలి, కారం, మసాలా, వేపుళ్లు వద్దు. మెత్తగా ఉడికిన అన్నంలో పెసరకట్టు, నెయ్యి, ఉడికించిన గుడ్డు, పెరుగు, పాలు పోసి వండిన బీరకాయ, ఇవన్నీ మెత్తనివే కదా? వీటిని ఎందుకు తీసేస్తున్నాం? కోవిడ్ వచ్చినప్పుడు ఊరంతా గుడ్లు తినండని చెప్పుకున్నాం. అప్పుడు ఎవరికీ గుడ్డు వేడి చేయలేదు. ఆ జ్వరానికి పనికొచ్చిన గుడ్డు ఈ జ్వరానికి ఎందుకు పనికిరాదో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

నేను పథ్యానికి వ్యతిరేకిని కాదు. మన అమ్మమ్మల పథ్యంలో చాలా తెలివి ఉంది. వేడివేడిగా, అప్పుడే వండింది, తక్కువ కారం, తేలిగ్గా అరిగేది, కొంచెం కొంచెంగా పెట్టాలన్నారు. మిరియాల చారు నాలిక మీద పడితే చచ్చిపోయిన రుచి లేస్తుంది. పాత నిమ్మకాయ ఊరగాయ ముక్క నాలిక్కి రాస్తే నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి. ఇదంతా ఉంచండి. నా గొడవ రెండింటితోనే. ఒకటి, పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, పెరుగు, నూనె తీసేయడం. రెండోది ఇంకా పెద్దది: పథ్యానికి మొదలుపెట్టే రోజు ఉంటుంది, ఆపే రోజు ఉండదు. డాక్టరు గారు "కొన్నాళ్లు పథ్యం చేయండి" అంటారు. ఆ కొన్నాళ్లు రెండు నెలలవుతుంది. జబ్బు తగ్గిన మూడో రోజే ఆగాల్సింది అలవాటైపోతుంది.

ఆపరేషన్ అయినవాళ్ల సంగతి చూడండి. "పప్పు తింటే చీము పడుతుంది." ఈ మాట విననివాళ్లు ఈ హాల్లో ఉన్నారా? (నవ్వులు) గుంటూరు, పల్నాడు, ప్రకాశం, ఎటు నుంచి వచ్చినవాళ్లయినా ఇదే మాట. పప్పు వద్దు, గుడ్డు వద్దు, వంకాయ, గోంగూర సరేసరి. చీము సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది, కందిపప్పు వల్ల కాదు. కోసిన చోట కొత్త కణజాలం అల్లుకోవాలంటే మాంసకృత్తులు కావాలి, విటమిన్ సి కావాలి, జింక్ కావాలి. వాటిని ఆపేసి కుట్లు మానలేదని సర్జన్ని అడగడం, ఇటుకల లారీ వెనక్కి పంపేసి గోడ ఎందుకు లేవలేదని మేస్త్రిని అడిగినట్టుంటుంది. వంకాయ తింటే నాకు దురద పెడుతుందని ఎవరైనా అంటే, సరే, వాళ్లకి వంకాయ వద్దు. వంకాయ లేకపోతే ఏ నష్టమూ లేదు. పప్పు లేకపోతే నష్టముంది.

ఆపరేషన్‌కి ముందు ఆకలి గురించి కూడా చెప్పాలి. "రాత్రి పన్నెండు తర్వాత పచ్చి మంచినీళ్లు కూడా వద్దు" అనేది పాత పద్ధతి. ఇప్పుడు మత్తు డాక్టర్ల మార్గదర్శకాలు మామూలు రోగులకి చెప్పేది వేరు: తేలికపాటి ఆహారానికీ మత్తుకీ మధ్య ఆరు గంటలు, మంచినీళ్ల లాంటి తేట ద్రవాలకి రెండు గంటలు ఎడం చాలు. బాగా నూనె, మాంసం తింటే ఇంకా ఎక్కువ సేపు ఆగాలి. కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యే జబ్బులున్నవాళ్లకి, ఎమర్జెన్సీ కేసులకి లెక్క వేరు. కాబట్టి మీ అంతట మీరు నిర్ణయించుకోకండి. కానీ పొద్దున్నే అన్న ఆపరేషన్ మధ్యాహ్నం మూడింటికి వాయిదా పడిందనుకోండి, "అప్పటిదాకా నీళ్లు ఇవ్వచ్చా, ఎన్ని గంటల వరకు ఇవ్వచ్చు" అని అడగండి. అడిగితే చెప్తారు. అడగకపోతే ఆ ముసలాయన పదిహేను గంటలు ఎండిపోతాడు. ఆపరేషన్ తర్వాత కూడా అంతే. చాలా రకాల ఆపరేషన్లకి ఇప్పుడు ఇరవై నాలుగు గంటల్లోపే నోటి ద్వారా మొదలుపెడుతున్నారు. గ్యాస్ పోయేదాకా ఏమీ వద్దనే రూలు అన్నిటికీ వర్తించదు.

పచ్చకామెర్లకి ఉప్పు లేకుండా, నూనె లేకుండా, పసుపు లేకుండా పథ్యం పెట్టి పసరు మందు పోయిస్తారు. పసుపు మానేస్తే కళ్లలో పచ్చదనం పోదు. మామూలు వైరల్ కామెర్లలో నూనె పూర్తిగా మానాల్సిన అవసరం లేదు, వికారం పెట్టనంత వరకు తినచ్చు. ఆ రోగులకి పొద్దుపోయే కొద్దీ వికారం పెరుగుతుంది కాబట్టి పొద్దున టిఫినే గట్టిగా పెట్టండి. లివర్ గట్టిపడిపోయిన సిరోసిస్ వాళ్లది ఇంకో లెక్క. పొట్టలో నీరుంటే ఉప్పు తగ్గించాలి, నిజమే. మాంసకృత్తులు మాత్రం తగ్గించకూడదు, వాళ్లకి కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. రాత్రి పడుకోబోయే ముందు ఏదైనా కొంచెం తినాలి. రాత్రంతా ఖాళీ కడుపు వాళ్ల కండని బాగా తినేస్తుంది.

కిడ్నీ వాళ్లలోనూ ఇదే గందరగోళం. డయాలసిస్ మొదలుకాకముందు మాంసకృత్తులు తగ్గించమని డాక్టరు చెప్తారు. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది, ఆ మిషన్లో మాంసకృత్తులు కొంత పోతాయి కాబట్టి ఎక్కువ తినాలి. ఈ తిరగబడటం గురించి ఎవరూ చెప్పక, పాత కాగితం పట్టుకుని ఏళ్ల తరబడి గుడ్డు ముట్టనివాళ్లున్నారు. మన పక్కనే ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎంత ఉందో మీకు తెలుసు. అక్కడి నుంచి విజయవాడ డయాలసిస్‌కి వచ్చేవాళ్లలో చాలామందికి ఈ ఒక్క ముక్క తెలిసినా మేలు.

టీబీ గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే తిండి మందులా పనిచేస్తుందని మన దేశంలోనే, మన పేదవాళ్లలోనే రుజువైన జబ్బు అది. జార్ఖండ్‌లో 2800 మంది టీబీ రోగులకి మందులతో పాటు నెలనెలా పది కిలోల తిండి సరుకులు ఇచ్చారు. బియ్యం, పప్పు, పాలపొడి, నూనె. 2023లో ఫలితాలు వచ్చాయి. మొదటి రెండు నెలల్లో బరువు ఐదు శాతం పెరిగినవాళ్లలో చావు ముప్పు దాదాపు అరవై శాతం తక్కువగా ఉంది. ఇంట్లోవాళ్లకి కూడా బియ్యం, పప్పు ఇచ్చిన కుటుంబాల్లో కొత్తగా టీబీ రావడం దాదాపు నలభై శాతం తగ్గింది. ఖరీదైన మందు కాదండీ, బియ్యమూ పప్పూ. టీబీ రోగికి ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకి 500 రూపాయలు ఖాతాలో వేస్తోంది, 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేశారు. ఆ వెయ్యి ఇంట్లో కరెంటు బిల్లుకి పోతే లాభం లేదు. నా మాటగా చెప్తున్నాను, ఆ డబ్బు వచ్చిన రోజే రెండు ట్రేల గుడ్లు, రెండు కిలోల కందిపప్పు, రెండు కిలోల వేరుశనగ గుళ్లు తెచ్చి ఇంట్లో పడేయండి. అప్పుడది తిండిగానే ఖర్చవుతుంది.

సాధారణ వార్డుల్లో కూడా రుజువుంది. స్విట్జర్లాండ్‌లో ఎనిమిది ఆసుపత్రుల్లో, పోషణ లోపం ముప్పున్న రెండు వేల మందికి పైగా రోగులని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి మామూలు ఆసుపత్రి భోజనం, రెండో వర్గానికి డైటీషియన్ లెక్క కట్టి ఎవరికి ఎంత కావాలో అంత అందేలా చూసిన భోజనం పెట్టారు. 2019లో ఫలితం చెప్పారు. నెల రోజుల్లో మొదటి వర్గంలో పది శాతం మంది చనిపోయారు, రెండో వర్గంలో ఏడు శాతం. కొత్త మందు ఏదైనా ఇలా పనిచేసుంటే పేపర్లలో మొదటి పేజీలో వేసేవాళ్లు.

ఇంట్లో ఏం చేయాలి అంటే, ముందు బరువు చూడండి. బీపీ మిషన్లు కొన్నారు, షుగర్ మిషన్లు కొన్నారు, ఆక్సీమీటర్లు కూడా కొన్నారు. బరువు మిషను ఎందరిళ్లలో ఉంది? వారానికోసారి, ఒకే రోజు, పొద్దున్నే, తినకముందు చూసి క్యాలెండర్ మీద రాయండి. మూడు నుంచి ఆరు నెలల్లో ఐదు శాతం తగ్గితే జాగ్రత్త పడాలి. అంటే 65 కిలోల మనిషి 62కి దగ్గరపడ్డాడంటే. పది శాతం దాటితే అది పెద్ద ప్రమాదం, డాక్టరు దగ్గర ఆ మాటే ముందు చెప్పండి. నిలబడలేని మనిషైతే గాజులు మోచేతి దాకా జారుతున్నాయా, ఉంగరం ఊడిపోతోందా, బెల్టుకి కొత్త బెజ్జం పడిందా చూడండి. కాళ్లవాపు, పొట్టలో నీరు ఉన్నవాళ్లలో బరువు మోసం చేస్తుంది, నీటి బరువు కండ తగ్గడాన్ని కప్పేస్తుంది. వాళ్లలో భుజం దగ్గర, కణతల దగ్గర చూడాలి.

ఇంకో సంగతి. పెద్దవాళ్లని ఆసుపత్రిలో చేర్చేటప్పుడు పళ్లసెట్టు ఎక్కడ పెడతారు? ఇంట్లో. "ఆసుపత్రిలో పోతుందేమో" అని. ఆ పళ్లసెట్టు డబ్బాలో భద్రంగా ఉంటుంది, ఆయన మాత్రం అన్నం నమలలేక రెండు ముద్దలకే చెయ్యి కడుక్కుంటాడు. మనం "ఆకలి లేదట" అనుకుంటాం. పళ్లసెట్టు, కళ్లజోడు, వినికిడి మిషను ఈ మూడూ మనిషితో పాటు ఆసుపత్రికి రావాలి. నోరు చూడండి. యాంటీబయాటిక్స్ వాడాక నాలిక మీద తెల్లగా పూత పడితే మింగడానికి మంట పుడుతుంది, దానికి చవకైన మందుంది. కేన్సర్ మందుల వల్ల నోట్లో ఇనుము రుచి వస్తుందంటే స్టీలు చెంచా మానేసి చెక్క గరిటో ప్లాస్టిక్ చెంచానో వాడి చూడండి. స్కానింగ్‌కి తీసుకెళ్లిన సమయంలో భోజనం ట్రే వచ్చి చల్లారిపోతే మళ్లీ వేడిగా తెప్పించండి. అలా రోజుకో పూట పోతోంది చాలామందికి. ఇంకోటి చెప్తే కోప్పడకూడదు: ఆసుపత్రిలో రోగికిచ్చిన భోజనం తినేది ఎక్కువగా పక్కనున్న అటెండెంటే. (నవ్వులు) తినండి, నేనేమీ అనను. కానీ రోగి ఎంత తిన్నాడని నర్సమ్మ అడిగినప్పుడు "మొత్తం తిన్నాడండీ" అనకండి.

తినే మనిషి నాలుగు ముద్దలే తింటానంటే ఆ నాలుగు ముద్దల్లోనే ఎక్కువ పట్టించాలి. చారన్నం పెట్టండి, కానీ చారు కందికట్టుతో కాయండి, మీద రెండు చెంచాల నెయ్యి వేయండి. రాగిజావ నీళ్లతో కాకుండా పాలతో కాచి, దించాక రెండు చెంచాల పాలపొడి కలపండి. ఇడ్లీకి పల్చటి చట్నీ బదులు కందిపొడి, నెయ్యి. కూరలో చెంచాడు వేయించిన పల్లీల పొడి. మాంసకృత్తుల లెక్క చూస్తే ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలల్లో ఆరేడు గ్రాములు, కప్పు గట్టిపప్పులో ఏడు, పిడికెడు వేరుశనగల్లో ఏడు, వంద గ్రాముల కోడికూరలో గానీ చేపలో గానీ ఇరవై దాకా. సూర్యలంక వైపు నుంచి వచ్చే చేపలు దొరుకుతున్న ఊళ్లో ఉండి చేప మానేయడమెందుకు? ముళ్లు తీసి పెట్టండి. శాకాహారులైతే మీల్ మేకర్, పనీరు ఉన్నాయి. ఇక మన సున్నుండ. మినప్పప్పు, బెల్లం, నెయ్యి, చేతిలో పట్టేంత ఉండలో ఇంత శక్తి పట్టించిన పిండివంట ఇంకోటి లేదు. కోలుకుంటున్న మనిషికి సాయంత్రం నాలుగింటికి ఒక సున్నుండ, గ్లాసు పాలు. రోజులో రెండు గుడ్లు, మూడు గ్లాసుల పాలు, రెండు కప్పుల పప్పు, ఒక కప్పు పెరుగు, ఓ సున్నుండ, మామూలు అన్నం టిఫినూ కలిస్తే 70 గ్రాముల దగ్గరకు వచ్చేస్తుంది. మూడు పూటలు కాదు, ఆరు పూటలుగా చేయండి.

గుడ్డులో పచ్చసొన పారేయకండి. ఆల్బుమిన్ అంటే రక్తంలో ఉండే ఒక మాంసకృత్తి. "ఆల్బుమిన్ తగ్గింది, ఆరు తెల్లసొనలు పెట్టమన్నారు" అని పచ్చసొన కుక్కకి వేస్తారు. గుడ్డులో ఉన్న మాంసకృత్తుల్లో దాదాపు సగం పచ్చసొనలోనే ఉంటాయి, కేలరీలైతే ఎక్కువ భాగం అందులోవే. పైగా జబ్బులో ఆల్బుమిన్ పడిపోయేది ఎక్కువగా ఇందాక చెప్పిన ఇన్‌ఫ్లమేషన్ వల్ల, తిండి తక్కువై మాత్రమే కాదు. ఖరీదైన ఆల్బుమిన్ సీసా ఎక్కించినా అది తిండికి బదులు కాదు. కొన్ని జబ్బుల్లో వేరే కారణాలకి దాన్ని ఇస్తారు, ఆ సంగతి వేరు.

ఎముక విరిగినవాళ్లకి కాళ్ల సూపు. సూపు ఇవ్వండి, ఆకలి పుట్టిస్తుంది. కానీ అందులో దిగేది జెలటిన్, అది ఒంటికి కావలసిన మాంసకృత్తి పూర్తిగా కాదు. సూపు తాగించి మాంసం ముక్కలు ఇంట్లో కుర్రాళ్లకి పెడుతున్నారు. ముక్క రోగికి పెట్టండి, సూపు కుర్రాళ్లు తాగుతారు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇంతా విని, పది రోజులుగా ఏమీ తినని మనిషికి ఇవాళ రాత్రే కడుపునిండా పెట్టేయకండి. ముఖ్యంగా బాగా చిక్కిపోయినవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు, ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినకుండా ఉన్నవాళ్లు. ఒక్కసారిగా పిండిపదార్థం పడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో ఉన్న ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం లవణాలని కణాలు లోపలికి లాగేసుకుంటాయి. గుండె లయ తప్పుతుంది, ఊపిరి ఆడదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆకలి నుంచి విడుదలైన ఖైదీలు కొందరు తిండి దొరికాక చనిపోయారు, ఈ కారణంతోనే. ఇలాంటివాళ్లకి ఆసుపత్రిలో రక్తపరీక్షలు చూస్తూ, బి1 విటమిన్ ముందు ఇచ్చి, కొద్దికొద్దిగా నాలుగైదు రోజుల్లో పెంచుతారు.

జబ్బు ఆఖరి దశలో ఉన్నవాళ్ల సంగతి కూడా అడుగుతారు. కేన్సర్‌లో ఇక రోజులే అని డాక్టరు చెప్పినప్పుడు, బలవంతంగా నోట్లో పెట్టకండి. అప్పుడు తినకపోవడం వల్ల ప్రాణం పోవడం లేదు, ప్రాణం పోతోంది కాబట్టి తినడం లేదు. నోరు తడి చేయండి, అడిగింది రుచి చూపించండి. ఇంతకుముందు చెప్పిన లెక్కలేవీ అక్కడ వర్తించవు.

ఇక ప్రశ్నలు.

(ఒక పెద్దాయన: టీవీలో చూపించే డబ్బా పొడులు కొనాలా అమ్మా?)

మాస్టారూ, పిల్లల పేరుతో అమ్మే డబ్బాల్లో చాలావాటిలో పంచదారే ఎక్కువ. వెనక వైపు తిప్పి వంద గ్రాముల్లో మాంసకృత్తులు ఎంత, పంచదార ఎంత చదవండి. నమలలేని, మింగలేని మనిషికి ఆసుపత్రి వాళ్లు రాసే ప్రత్యేకమైన పొడులు వేరు, వాటికి చోటుంది. మామూలుగా తినగలిగే మనిషికి ఆ డబ్బు గుడ్లు, పాల మీద పెట్టండి.

(ఒక మహిళ: మా అత్తయ్యకి షుగరండీ. కాలికి పుండు. అన్నం మాన్పించేశాం, రాత్రి రెండు పుల్కాలే.)

అన్నం తగ్గించారు, బాగుంది. ఆ ఖాళీలో ఏం పెట్టారమ్మా? ఏమీ పెట్టలేదు కదా. పుల్కాతో పాటు కప్పు గట్టిపప్పు, గుడ్డు, పెరుగు పెట్టండి. షుగర్ పెరిగితే మాత్రలో, ఇన్సులినో సర్దుతారు, డాక్టరుకి చెప్పండి. తిండి కోసి షుగర్ తగ్గించాలని చూస్తే పుండు మానదు.

(మరొకాయన: మా నాన్నగారికి పక్షవాతం, ముక్కుకి పైపు పెట్టారు. పాలు, కొబ్బరినీళ్లు పోస్తున్నాం.)

ఎన్నిసార్లు పోస్తున్నారు? ఆరుసార్లా. గ్లాసు పాలకి 130 కేలరీలు వేసుకోండి, ఆరుసార్లకి 800 లోపే. ఆయనకి కావలసింది దానికి రెట్టింపు. మీరు పాలల్లో నీళ్లు కూడా కలుపుతున్నట్టున్నారు, పైపు మూసుకుపోతుందని. కలపకండి. బియ్యం, పెసరపప్పు వేయించి మెత్తగా పొడి కొట్టి పాలతో కాచి, చెంచా నూనె వేసి, మిక్సీ పట్టి సన్నటి జల్లెడలో వడకట్టి పోయండి. పోసేటప్పుడు, తర్వాత ఒక గంటసేపు తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తు ఉండాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రతిసారీ పోశాక కొంచెం మంచినీళ్లు పోస్తే పైపు మూసుకుపోదు. కొబ్బరినీళ్లు దాహానికే, వాటిని భోజనం లెక్కలో వేయకండి. ఆయన మింగడం ఎలా ఉందో రెండు వారాలకోసారి పరీక్ష చేయించండి. కొందరిలో మింగడం తిరిగొస్తుంది, పైపు మాత్రం ఎవరూ తీయక అలాగే ఉండిపోతుంది. ఆయన బరువు ఎంతుందో, ఏమేం పోస్తున్నారో ఒక కాగితం మీద రాసి తీసుకురండి, బయట వరండాలో కూర్చుని లెక్క వేద్దాం.